నీలిమందు పెట్టని గుడ్డ

ఏప్రిల్ 21

నగర గాలి తనిఖీ అధికారి గారికి,

ఈ నెల ఇరవై నాలుగో తేదీ ఉదయం ఎనిమిది గంటలకు మా పాలపిట్ట టవరులో ఒకటో అంతస్తు నుంచి ఎనిమిదో అంతస్తు దాకా డక్టు కిటికీలన్నీ ఇటుకలు పెట్టి మూసేస్తారు. అరవై నాలుగు ఇళ్లు, ఇంటికి ఒకటే కిటికీ. ఆ నిర్ణయానికి ఆధారమని చూపిస్తున్న నివేదిక నేను రాసింది. అది తప్పు. ఆపడానికి ఇంక మూడు రోజులే ఉన్నాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నా పేరు సూరాడ నూకరత్నం. వయసు ఇరవై రెండు. ఈ టవరులో గాలి రికార్డు రాయడం నా ఉద్యోగం. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. రికార్డు పుస్తకంలో అంకెల పక్కన ఖాళీ జాగా ఉంటుంది. అక్కడ నాకోసం రాసుకున్నవి మీకోసం ఎత్తి రాస్తున్నాను. మీకు తెలియదనుకున్న చోట నాలుగు ముక్కలు కలిపాను. కొన్నిచోట్ల మర్యాద తప్పాను. దిద్దలేదు.

ఏప్రిల్ 2

తెల్లవారి అయిదు గంటల రీడింగు. బయట వేడి 29, డక్టులో 34. ధూళి రెండో అంతస్తులో మా కిటికీ దగ్గర 61, ఇరవై ఆరో అంతస్తు దగ్గర 140. గాలి పైకి వెళ్తోంది. రోజూ ఇంతే.

లిఫ్టులో నోటీసు అంటించారు. అసోసియేషన్ ముద్ర, కింద సెక్రటరీ భానుమూర్తి గారి సంతకం. మధ్యలో లావు అక్షరాల్లో రెండు వాక్యాలున్నాయి. “డక్టులో గాలి కింది నుంచి పైకి ప్రవహిస్తుంది. కింది అంతస్తుల వంట పొగ, ధూళి పై అంతస్తుల ఇళ్లలోకి చేరుతున్నాయి.” ఫిబ్రవరిలో నేనిచ్చిన నివేదికలోవి. ఒక్క అక్షరం మార్చలేదు. నా వాక్యం అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. సిగ్గుగా ఉంది కానీ రాస్తున్నాను, ముందు సంతోషం వేసింది. మిగతాది ఆ తర్వాత చదివాను.

మూడో అంతస్తు దగ్గర లిఫ్టు ఆగింది. పోలమ్మ పిన్ని ఎక్కింది. ఆవిడ ఇంట్లోనే కర్రీ పాయింటు నడుపుతుంది. ఎనిమిది అంతస్తుల కూలివాళ్ల మధ్యాహ్నం కూర ఆవిడ పొయ్యి మీదే ఉడుకుతుంది.

“ఏటే గుంటా ఈ కాయితం? పెద్దచ్చరాలతో ఏటి రాసినారు, సదువు.”

చదివాను. కిటికీలు మూస్తారన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది.

“మూస్తే మరి గాలి?”

“రాదు పిన్నీ.”

“ఈ లావచ్చరాలు ఎవలు రాసినారు?”

“నేనే.”

“నీ సేత్తో?”

“నా చేత్తోనే.”

“మీ అమ్మ నిన్ను బడికి అంపిననాడు నా బుట్టలోయి నెత్తళ్ల సేపలు ఏపి నీ సద్దిలో ఎట్టినాను. అయి తిని ఇదా రాసినావు?” అంది. గిన్నె తీసుకుని అయిదులో దిగిపోయింది. ఆవిడకు అయిదులో పనేమీ లేదు.

ఏప్రిల్ 3

మీరు బయటినుంచి వచ్చి చూస్తే అర్థం కాకపోవచ్చు. వీధివైపు కిటికీలు గాలి చట్టం వచ్చిన ఏడాదే అందరికీ అతికేశారు. రోడ్డు ధూళి లోపలికి రాకూడదని. తొమ్మిదో అంతస్తు నుంచి పైన ప్రతి ఇంట్లో వడపోత యంత్రం ఉంది. సముద్రం మింగేసిన ఊళ్ల నుంచి మమ్మల్ని తెచ్చి కింది ఎనిమిది అంతస్తుల్లో పెట్టారు. మాకు యంత్రాలు లేవు. ఇళ్లన్నిటి మధ్యా నేల నుంచి మిద్దె దాకా నిలబడిన డక్టు, దానిలోకి తెరుచుకునే మూరెడు కిటికీ, ఇంతే. దాని అడుగు కాంక్రీటుతో మూసి ఉంది. గాలి రావాలన్నా పోవాలన్నా కింద మా కిటికీలు, పైన మిద్దె, రెండే దారులు. మా వీధి తలుపులు వరండాలోకి తెరిచి ఉంచుతాం కాబట్టి ఇల్లు ఊపిరి పీలుస్తుంది.

ఆ కిటికీకి ప్రతి ఇంట్లోనూ ఒక తడిగుడ్డ కడతారు. ధూళి దానికి అంటుకుంటుంది. సాయంత్రం ఉతికి మళ్లీ కడతారు.

ఇవాళ రెండో అంతస్తు వరండాలో నడుస్తుంటే నలుగురు తలుపులు వేసుకున్నారు. గాలి ఆడాలని పగలు ఎవరూ తలుపు వేయరు. నేను దాటాక మళ్లీ తీశారు.

ఏప్రిల్ 4

మా అయ్య పేరు ఎల్లాజీ. డక్టు మనిషి. నడుముకి తాడు కట్టుకుని డక్టులో దిగి గోడలకు పట్టిన మసి గీకుతాడు. ఊళ్లో ఉండగా వల మీద బతికినవాడు, తాడంటే భయం లేదు. తాపీ పని కూడా వచ్చు. అందుకని కిటికీలు మూసే పని ఆయనకే చెప్పారు. మొదట తన ఇంటి కిటికీ మూయాలి, మిగతావాళ్లకు మాదిరిగా ఉంటుందని భానుమూర్తి గారు అన్నారట.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అయ్యకు దగ్గు వస్తుంది. ఏడాదిగా ఇంతే. ఒంటిగంట దాటాక మొదలై నాలుగింటికి తగ్గుతుంది. పొద్దున్నే డక్టులో మసిలో వేలాడినంత సేపూ రాదు. డాక్టరు వంట పొగ అన్నాడు. మా వంట తెల్లవారుజామునే అయిపోతుంది. ఆ సంగతి అడగాలని నాకు తట్టలేదు.

కిటికీ కింద పీట వేసుకుని కూర్చుని అయ్య అన్నాడు, “నాను సెప్పినాను గదా, నువ్వు రాసుకోనేదు.”

“ఏం చెప్పావు?”

“తువ్వాలు సంగతి.”

అప్పుడు గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో నివేదిక రాస్తున్నప్పుడు పక్కన కూర్చుని చెప్పాడు. పొద్దున్న డక్టులో దిగితే నడుముకి చుట్టిన తువ్వాలు కొస పైకి లేచి మొహానికి తగులుతుందట. ఎప్పుడైనా మధ్యాహ్నం దిగాల్సి వస్తే అదే కొస కాళ్ల మధ్యకు లాక్కుపోతుందట. నేను నవ్వి, “మీటరు చూపించాలి అయ్యా, తువ్వాలు కాదు” అన్నాను.  నేను నా వాక్యం పూర్తి చేశాను.

నేను ఎన్నడూ మధ్యాహ్నం రీడింగు తీయలేదు. రికార్డు పుస్తకంలో గడి ఒక్కటే ఉంది, ఉదయం అయిదు. నాకంటే ముందు పనిచేసినవాళ్లూ ఆ గడే నింపారు. గడి ఉన్నంత మేరే గాలి ఉంటుందని నేననుకున్నాను.

ఏప్రిల్ 5

మధ్యాహ్నం ఒకటిన్నర. బయట వేడి 46. డక్టులో 36.

మా కిటికీ దగ్గర ధూళి 212. ఇరవై ఆరో అంతస్తు దగ్గర 58.

కిటికీలో దారప్పోగు వేలాడదీశాను. కిందికి బిగదీసుకుని, తర్వాత మా ఇంట్లోకి వంగింది. అరగంట చూశాను. ఒక్కసారి కూడా పైకి లేవలేదు.

చదువుకున్నదే. వేడి గాలి తేలిక, చల్లగాలి బరువు. తెల్లవారి బయటికన్నా డక్టు వెచ్చగా ఉంటుంది, గాలి పైకెక్కుతుంది. మధ్యాహ్నం బయట కాలిపోతుంటే నీడలో ఉన్న డక్టు చల్లగా ఉంటుంది, గాలి దిగుతుంది. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. పూర్తి మార్కులు తెచ్చుకున్నాను.

అయ్యకు చెప్పాను. “అవునా” అన్నాడు. అంతకంటే ఏమైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఏప్రిల్ 7

మధ్యాహ్నం ఇరవై ఆరో అంతస్తుకు వెళ్లాను. ఒంటిగంట కాగానే డక్టులో ఏదో తడక కొట్టినట్టు చప్పుడు. ఒక ఇల్లు, రెండిళ్లు, తర్వాత అన్నీ. సోలారు కరెంటు నిండుగా ఉండే ఆ వేళకు వడపోత యంత్రాలు తమంతట తామే దులుపుకుంటాయి. వాటి గొట్టాలు డక్టులోకే ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే ప్రతి గొట్టం మూతి నుంచీ నీలం పొడి రాలుతోంది. పలచగా, తొందర లేకుండా కిందికి పోతోంది.

అక్కడ పనిచేసే ఆవిడను అడిగితే చెప్పింది. వడపోత జల్లెడకు నీలం మందు పూస్తారట. ధూళి పట్టుకున్నాక ఆ మందుతో సహా రాలిపోతుందట.

నేరుగా భానుమూర్తి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కూర్చోమన్నారు, మంచినీళ్లు ఇప్పించారు. అంతా విన్నారు.

“యంత్రాలు అమర్చేటప్పుడు ఇంజనీరు గారు కూడా ఇదే అడిగారమ్మా, డక్టులోకి వదిలితే ఎటు పోతుందని. అప్పుడు పాత రికార్డులు చూపించాం. పైకే పోతుందని ఉంది. ఇప్పుడు నువ్వు కూడా అదే రాశావు.” నా నివేదిక తీసి, వేలు పెట్టి చూపించారు. “ఇది నీ దస్తూరీయే కదా?”

“నాదే సార్. అది పొద్దున మాట. మధ్యాహ్నం చూడలేదు.”

“చూడకుండానే రాశావన్నమాట.”

“చూసిందే రాశాను. చూడనిది ఉందని తెలియలేదు.”

“మరి ఇవాళ రాసేదాన్ని ఏమని నమ్మమంటావు? రేపు సాయంత్రం ఇంకోటి చూస్తావేమో.” ఆయన గొంతు ఎక్కడా పెరగలేదు. “మీటరు ఇక్కడ పెట్టి వెళ్లు. పాడైందేమో, బాగుచేయిస్తాం.”

పెట్టి వచ్చాను. అది అసోసియేషన్ వస్తువు. ఇవ్వనని అనడం నాకు చేతకాలేదు. లిఫ్టులో కిందికి వచ్చేంతసేపూ నన్ను నేను తిట్టుకున్నాను.

ఏప్రిల్ 9

మీటరు రాలేదు.

సాయంత్రం అమ్మ తడిగుడ్డ ఉతుకుతోంది. బకెట్లో నీళ్లు నీలంగా ఉన్నాయి. అవి ఎప్పుడూ నీలంగానే ఉంటాయి. నేను పక్కనే నిలబడి, ఆ నీళ్లను మూడేళ్లుగా చూస్తున్నదాన్నే, ఇవాళ అడిగాను.

“నీలిమందు ఎప్పుడు వేశావమ్మా?”

“ఆకర్ని నీళ్లలో ఏస్తాను. ఇంకా ఎయ్యనేదు.”

అమ్మ నా మొహం చూసింది. నేను బకెట్టు చూశాను.

ఆ నీలిమందు కథ చెప్పాలి. మూడేళ్ల కిందట అసోసియేషన్ వాళ్లు శుభ్రత తనిఖీ మొదలుపెట్టారు. వరండాలో నడుస్తూ కిటికీ గుడ్డలు చూస్తారు. పచ్చబారిన గుడ్డ కట్టినవాళ్ల పేర్లు లిఫ్టులో రాస్తారు. వంట జిడ్డుకి తెల్లగుడ్డ పచ్చబడక ఏమవుతుంది? పేరు పడకూడదని ఆడవాళ్లు గుడ్డలకు నీలిమందు దట్టంగా పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఎనిమిది అంతస్తుల్లో ఏ గుడ్డ చూసినా ఆకాశంలా ఉంటుంది. నీలం మీద నీలం పడితే ఎవరికి తెలుస్తుంది? మనం వేసిన మందే అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

వాళ్ల మురికి మా పరువు కింద దాక్కుంది.

ఏప్రిల్ 11

నీలిమందు పెట్టని తెల్లగుడ్డలు కావాలి. అంతస్తుకి రెండు. ఒకటి తెల్లవారి నాలుగు నుంచి ఎనిమిది దాకా, ఇంకొకటి పన్నెండు నుంచి నాలుగు దాకా కట్టాలి.

పదకొండు తలుపులు తట్టాను. ఏడు తీయలేదు. తీసినవాళ్లలో ఒకావిడ, “మా కిటికీ కొలత కూడా రాసుకుంటావా, ఇటుకలెన్ని పడతాయో?” అంది. ఇంకొకావిడ, “పచ్చగుడ్డ కట్టించి మా పేరు రాయిద్దామని అంపినారు నిన్ను” అంది. అలా అనుకోవడానికి వాళ్లకు కారణం ఉంది. నేను అసోసియేషన్ జీతం తీసుకునే మనిషిని.

పోలమ్మ పిన్ని తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. లోపల పొయ్యి మీద పులుసు పొంగుతోంది. ఆవిడ నన్నొకసారి చూసింది. గరిటెతో పని చూసుకుంటూనే ఉంది. నేను మొత్తం చెప్పాను, గోడతో చెప్పినట్టు.

“అయిపోనాదా?” అంది చివర.

“అయిపోయింది.”

“అయితే ఎల్లు. పులుసు ఇరిగిపోతాది నీ మొకం సూస్తే.”

ఏప్రిల్ 12

అయ్య పెట్టె తీశాడు. అడుగున కొత్త పంచె ఉంది, ఏదో శుభకార్యానికని దాచుకున్నది. ఇంకా మడత విప్పలేదు, నీటి మొహం చూడలేదు. మా ఎదురుగా నిలువునా చించాడు. చిరిగేటప్పుడు పెద్ద చప్పుడే వచ్చింది. పదహారు ముక్కలు చేశాడు.

“నాను అడుగుతాను పద” అన్నాడు.

ఇద్దరం కలిసి వెళ్లాం. అయ్య ఎవరింటి ముందూ కథ చెప్పలేదు. ముక్క చేతిలో పెట్టి, ఏ వేళ కట్టాలో చెప్పి, “ఇది నా పంచె. మందు ఎయ్యకండి, ఉతకకండి. తాగే నీళ్లతో తడిపి కట్టండి. రెండు దినాలు” అన్నాడు. డక్టులో వేలాడుతూ వాళ్ల కిటికీల ముందు నుంచి ఇన్నేళ్లు దిగిన మనిషి. కాదనలేకపోయారు.

మూడో అంతస్తులో పోలమ్మ పిన్ని ముక్క అందుకుని నన్ను చూపించింది. “ఎల్లాజీ మావా, నీ మాట మీద కడతన్నాను. దీని మాట మీద కాదు. అది తెలుసుకోమను.”

“ఇంటన్నాది గదా” అన్నాడు అయ్య.

ఏప్రిల్ 14

పదహారు గుడ్డలూ మా ఇంటి నేల మీద పరిచాను. ఎనిమిది పొద్దుటివి, ఎనిమిది మధ్యాహ్నానివి.

పొద్దుటి గుడ్డలు దాదాపు తెల్లగా ఉన్నాయి. అంచుల్లో కాస్త పసుపు, జిడ్డు, పోపు వాసన. అది మాది. ఒప్పుకుంటున్నాను, ఆ గాలి పైకి వెళ్తుంది.

మధ్యాహ్నం గుడ్డలు ఎనిమిదీ నీలం. అమ్మ పెట్టే నీలిమందు అంతటా సమానంగా పరుచుకుంటుంది. ఇది అలా లేదు. డక్టు వైపు గరుకుగా పట్టి, మడతల్లో పొడిగా నిలిచి, ఇంటి వైపు మాత్రం పలచగా ఉంది. వేలితో రాస్తే వేలికి వస్తోంది. ఒకటో అంతస్తు గుడ్డ అన్నిటికన్నా ముదురు.

పోలమ్మ పిన్ని తన గుడ్డ తానే తెచ్చింది. దాన్ని అయ్య ఒళ్లో పడేసింది. తర్వాత నాతో అంది, ఏప్రిల్ రెండు తర్వాత నాతో సరిగ్గా మాట్లాడటం అదే.

“మద్దేనం కూరలు ఆరబెట్టింది ఆ కిటికీ కిందేనే. ఎనిమిదంతస్తులోల్లకి ఒడ్డించినాను.”

ఆవిడ గుడ్డను మిగతా ఏడింటి పక్కన పరిచాను. 

ఏప్రిల్ 16

అసోసియేషన్ హాల్లో మీటింగు. ఇరవై రెండో అంతస్తులో ఉంది. మా కింది అంతస్తుల నుంచి తొమ్మిది మందిమి వెళ్లాం. కుర్చీలు నిండిపోయాయని నిలబడమన్నారు. వెనక వరసలో నాలుగు కుర్చీల మీద చేతిసంచులు కూర్చుని ఉన్నాయి.

గుడ్డలు బల్ల మీద పరిచాను. చెప్పవలసింది ఇంటి దగ్గర మూడుసార్లు చదువుకుని వచ్చాను. పొద్దున గాలి ఎటు, మధ్యాహ్నం గాలి ఎటు, ఎందుకు. యంత్రాలు ఒంటిగంటకు దులుపుకుంటాయి, గాలి దిగేదీ ఆ వేళే. గొట్టాలు డక్టులోంచి తీసి మిద్దె మీదికి మళ్లించాలి, లేదా దులుపుడు తెల్లవారుజాముకు మార్చాలి. కిటికీలు మూస్తే అరవై నాలుగు ఇళ్లకు ఊపిరి ఉండదు.

ముందు వరసలో ఒకావిడ రుమాలు ముక్కుకు పెట్టుకుంది. “గుడ్డలు కొంచెం దూరం జరుపుతారా, చేపల వాసన వస్తోంది.”

“అయి మద్దేనం గుడ్డలమ్మా. ఆ వేళ పొయ్యి ఆర్పేస్తాను. వాసనొస్తే అది మీ ఇంటిదే” అంది పోలమ్మ పిన్ని.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. భానుమూర్తి గారు ఒక గుడ్డ కొస రెండు వేళ్లతో ఎత్తి చూశారు.

“నూకరత్నం, మీ కింది ఇళ్లలో గుడ్డలకు నీలిమందు పెట్టే అలవాటు ఉంది కదా?”

“ఉంది సార్. వీటికి పెట్టలేదు.”

“పెట్టలేదని నువ్వంటున్నావు.”

“పేరు పడుతుందన్న భయంతో పెట్టడం నేర్చుకున్నాం. మీ తనిఖీ వల్ల.”

“అంటే దాచడం అలవాటని నువ్వే చెప్తున్నావు.” ఆయన గుడ్డ కింద పెట్టి రుమాలుతో వేళ్లు తుడుచుకున్నారు. రుమాలు మీద నీలం పడింది. మడిచి జేబులో పెట్టుకున్నారు. హాలంతా చూసింది. 

అప్పుడు నేను రాసుకురానిది ఒకటి అన్నాను. “కింద కిటికీలు మూస్తే మధ్యాహ్నం గాలి దిగడానికి దారి ఉండదు. మీ నీలం డక్టులోనే, మీ కిటికీల ముందే నిలబడుతుంది. పొద్దున మీకు పైకొచ్చే గాలి మా వీధి తలుపుల్లోంచి, మా వంటిళ్లలోంచి వస్తుంది. అది కూడా ఆగుతుంది. మమ్మల్ని మూస్తే మీరు తెరుచుకుని ఉంటారనుకోకండి.”

“బెదిరిస్తున్నావా?”

“రికార్డు రాస్తున్నాను సార్. నా ఉద్యోగం అదే.”

“ఈ నెలాఖరు వరకు” అన్నారాయన. మీటింగు అయిపోయింది. ఇరవై నాలుగో తేదీ మారలేదు. గుడ్డలు వాళ్లే ఉంచుకుంటామన్నారు. పోలమ్మ పిన్ని అప్పటికే తొమ్మిది గుడ్డలు చీర కుచ్చిళ్లలో దోపేసుకుంది. మిగతా ఏడూ వాళ్ల దగ్గర ఉండిపోయాయి.

ఏప్రిల్ 19

ఇటుకలు వచ్చాయి. మా వరండాలో, మా గుమ్మం పక్కనే పేర్చారు. తలుపు సగమే తెరుచుకుంటోంది.

ఇవాళ అయ్య పొద్దున్నే డక్టులోకి దిగి, పన్నెండో అంతస్తు దగ్గర ఆగిపోయాడు. పైకి రాలేక, కిందికి పోలేక పావుగంట తాడు మీద ఊగాడు. పక్క కిటికీలోంచి ఎవరో చూసి, కిటికీ తలుపు వేసుకున్నారట. దిగి వచ్చాక చెమట తుడుచుకుంటూ చెప్పాడు, పెద్ద విషయం కాదన్నట్టు. పొద్దున ఊపిరి ఆడకపోవడం ఇదే మొదలు.

ఏప్రిల్ 20

ఒంటిగంటకు పైన దులుపుడు మొదలైంది. అయ్య కిటికీ కింద పీట మీద కూర్చున్నాడు. లోపలి గదిలో కూర్చోమన్నాను. ఆ కిటికీలోంచే నీలం వస్తోందని మళ్లీ చెప్పాను.

“తెలుసునే. ఆ గదిలో అసలు గాలే నేదు. ఇక్కడ సెడ్డదో మంచిదో కొంత ఆడతన్నాది.”

“కిటికీ మూయనని చెప్పు అయ్యా.”

“నాను మూయకపోతే ఇంకొకడు మూస్తాడు. ఈ ఇల్లు డక్టు మనిషికి ఇచ్చినారు. పని మానేస్తే ఇల్లు ఒగ్గేయాలి. ఇల్లు ఒగ్గేసి ఏ గాలికి ఎల్తాము?” దగ్గు ఆగేదాకా ఆగాడు. “కట్టేసినాక మద్దేనం నాను ఎక్కడ కూకోవాలో అది రాయి. నీకు రాయడం వచ్చు గదా.”

అది వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు. నా చిన్నప్పుడు, పోయిన పడవ రిజిస్ట్రేషను కాగితం కోసం, కుళాయి కోసం, ఇలాగే అడిగేవాడు. రాసేదాన్ని. పని జరిగేది. రాస్తే జరుగుతుందని ఆయన ఇంకా అనుకుంటున్నాడు.

ఏప్రిల్ 21

అధికారి గారూ, ఇదీ రికార్డు.

నా ఫిబ్రవరి నివేదికను వెనక్కి తీసుకుంటున్నాను. అందులో రాసింది ఉదయం అయిదు గంటలకు నిజం. మధ్యాహ్నానికి అది అబద్ధం. రోజంతటికీ అదే నిజమన్నట్టు రాసింది నేను. ఆ తప్పుకు ఏ చర్య తీసుకున్నా ఒప్పుకుంటాను. నా తప్పుకు అరవై నాలుగు ఇళ్ల ఊపిరి ఆపడానికి మాత్రం ఒప్పుకోను.

ఈ ఉత్తరంతో తొమ్మిది గుడ్డలు పంపుతున్నాను. అయిదు మధ్యాహ్నానివి, నాలుగు పొద్దుటివి. మీరు వీటిని నమ్మనక్కరలేదు. వచ్చి చూడండి. రావడానికి మూడు షరతులు చెప్పే చనువు తీసుకుంటున్నాను. తెల్లవారి రావద్దు, ఇక్కడికి వచ్చిన ప్రతి అధికారీ తెల్లవారే వచ్చారు. మధ్యాహ్నం ఒకటిన్నరకు రండి. అసోసియేషన్‌కు ముందు చెప్పి రావద్దు, చెబితే ఆ రోజు యంత్రాలను దులుపుకోనివ్వరు. తెల్లగుడ్డ, దాన్ని తడపడానికి నీళ్లు, రెండూ మీ ఇంటి నుంచే తెచ్చుకోండి. మా కిటికీకి మీ చేత్తోనే కట్టండి. రెండు గంటలు పీట మీద కూర్చోండి. అది మా అయ్య పీట, ఆయన లేచి ఇస్తాడు.

కిటికీల పని ఆపుతూ ఒక్క ముక్క రాసినా చాలు. అసోసియేషన్ పేరున కాకుండా నా పేరున, రెండో అంతస్తు, ఆరో నంబరు ఇంటికి పంపండి. ఇరవై మూడో తేదీ సాయంత్రం అయిదు లోపల నాకు జవాబు అందాలి. ఎండిన ఇటుక సిమెంటును సరిగ్గా పట్టదు కాబట్టి ముందు రోజే నానబెట్టాలి. ఆ సాయంత్రం ఆరు గంటలకు మా అయ్య ఇటుకలు నీళ్లలో వేస్తాడు.

సూరాడ నూకరత్నం
గాలి రికార్డు, పాలపిట్ట టవరు